కబేళాలో పారేసేది దవాఖానకు ఎలా చేరుతుంది? నల్లగొండ, పాలమూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

గొర్రె, మేక, బర్రె, కోడి, చేప - వీటిని కోసినప్పుడు పారేసే భాగాల్లో కొన్నింటిని శుద్ధి చేసి, కాలిన చర్మానికి, షుగర్ పుండుకి, విరిగిన ఎముకకి, పాడైన గుండె కవాటానికి వాడుకునే పదార్థాలుగా మార్చవచ్చు. ఈ సంగతి ఎత్తినప్పుడల్లా నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నన్ను అడిగే ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను.

తలకాయ, కాళ్ళు, బోటి, కార్జం, తిల్లి, నల్ల... మన దగ్గర అన్నీ తింటాం కదా. ఇంకా మిగిలే వ్యర్థం ఏముంది?

మంచి ప్రశ్న. గొర్రె బతికున్నప్పుడు తూగే బరువులో మాంసంగా చేతికొచ్చేది సుమారు సగమే. మిగతా సగాన్ని బయటి దేశాల లెక్కలు చాలావరకు వ్యర్థం కింద రాస్తాయి. న్యూజిలాండ్‌లో గొర్రె పొట్ట గోడను శుద్ధి చేసి ఎండోఫార్మ్ అనే గాయం పట్టీ చేస్తున్నారు. మనకు ఆ పొట్ట ఆదివారం పూట బోటి కూర. జనం తినేదాన్ని లాక్కొని మందు చేయాలని నేను అనను.

మనం చూడాల్సింది ఎవరూ తినని వాటిని. గుండె చుట్టూ ఉండే పల్చటి పొర, పిత్తాశయం, ఉచ్చబుడ్డ, గాలిగొట్టం, కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు, డెక్కలు, కొమ్ములు, కోడి ఈకలు, చేప పొలుసు. ఈసారి మటన్ షాపుకు పోయినప్పుడు కార్జం తీసే తీరు గమనించండి. దానికి అంటుకొని ఉన్న పచ్చటి చిన్న సంచిని, అదే పిత్తాశయాన్ని, రెండు వేళ్ళతో పట్టుకొని, అవసరమైతే ఇంత కార్జం ముక్కతో సహా కోసి, పగలకుండా పక్కన పడేస్తారు. పగిలితే పసరు కారి కార్జమంతా చేదెక్కుతుంది. అంత జాగ్రత్తగా తీసి పారేసే ఆ సంచి గోడ లాంటి దాని నుంచే మన దేశంలో గాయాలకు వాడే పొర తయారైంది. దాని వివరం కింద చెబుతాను.

పశువుల శరీరం నుంచి మందులు చేయడం కొత్త విషయమా?

కాదు. ఆపరేషన్ కుట్లకు వాడే క్యాట్‌గట్ దారం గొర్రె, పశువుల పేగుల నుంచి వచ్చేదే. దాని పేరులో ఉన్న పిల్లికీ దానికీ సంబంధం లేదు. 1922లో మొదటిసారి మనిషికి ఎక్కించిన ఇన్సులిన్ పశువుల క్లోమం నుంచి తీసింది. 1982లో సూక్ష్మజీవులతో తయారుచేసిన మానవ ఇన్సులిన్ మార్కెట్‌లోకి వచ్చేదాకా షుగర్ రోగుల ప్రాణాలు నిలిపింది కబేళాలే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇప్పటికీ ఎక్కువగా పంది పేగుల నుంచే వస్తోంది. పశువుల గుండె పొరతో కుట్టిన కవాటాలు మన దేశంలోనూ తయారవుతున్నాయి. మాత్రల క్యాప్సూల్ పెంకు కూడా చాలావరకు ఎముకల, తోళ్ళ జెలటినే.

కొత్తదనం వేరే చోట ఉంది. ఆ పాత కవాటాల్లో పశువు పొరను గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో బిగుసుకుపోయేలా చేసి వాడతారు. అది పనిచేస్తుంది, కానీ శరీరంలో కలవదు, పెరగదు. ఇప్పుడు చేస్తున్నది పొరను అలా బిగించడం కాదు. మన శరీరమే లోపలికి వచ్చి దాన్ని సొంతం చేసుకునేలా వదిలేయడం.

ఆ పని ఎలా జరుగుతుంది?

ఏ అవయవమైనా రెండు భాగాలు. ఒకటి కణాలు. రెండోది ఆ కణాలు అల్లుకొని ఉండే జాలి, అంటే కొల్లాజెన్, ఎలాస్టిన్ వంటి ప్రొటీన్ల పోగులు. బీర తీగకు పందిరి ఉన్నట్టే అనుకోండి. పాత తీగను వేళ్ళతో సహా పీకేసినా పందిరి నిలబడే ఉంటుంది, కొత్త తీగ దాని మీద పాకుతుంది. పశువు కణాలన్నీ కడిగేసి జాలి మాత్రం ఉంచితే, గాయం మీద పెట్టినప్పుడు రోగి సొంత కణాలు దాంట్లోకి పాకుతాయి. కొన్ని వారాలకో నెలలకో ఆ జాలి కూడా మెల్లగా కరిగిపోయి, రోగి శరీరం అల్లుకున్న కొత్త కణజాలం మిగులుతుంది.

కడగడమంటే ఉత్త నీళ్ళతో కాదు. ముందు కొవ్వునీ, కండ ముక్కల్నీ గీకి తీస్తారు. గడ్డకట్టించడం, కరిగించడం, మళ్ళీ గడ్డకట్టించడంతో కణాలు పగులుతాయి. ఆ తర్వాత సోడియం డోడెసైల్ సల్ఫేట్, ట్రైటాన్ ఎక్స్-100 లాంటి డిటర్జెంట్లలో గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తిప్పుతారు. మిగిలిన డీఎన్‌ఏను ఎంజైముతో కోసేస్తారు. చివరికి ఆ డిటర్జెంటు జాడ లేకుండా మళ్ళీ మళ్ళీ కడుగుతారు, ఎందుకంటే అది మిగిలితే రోగి కణాలనే చంపుతుంది. ల్యాబులో చూస్తే తేడా కళ్ళకే తెలుస్తుంది. గులాబీ రంగులో వచ్చిన పొర, కడిగేకొద్దీ తెల్లబడి తడి కాగితంలా పల్చగా కనిపిస్తుంది. దాన్ని చల్లదనంలో ఎండబెట్టి, ప్యాక్ చేసి, గామా కిరణాలతో క్రిమిరహితం చేస్తారు. సాధారణంగా వాడే మోతాదు 25 కిలోగ్రే (కిలోగ్రే అంటే కిరణాల మోతాదుకు కొలత).

కణాలు పోయాయని ఎలా నమ్మాలి? ఎక్కువమంది పాటించే కొలత ఉంది: ఎండిన కణజాలం ఒక మిల్లీగ్రాములో పశువు డీఎన్‌ఏ 50 నానోగ్రాములకు మించకూడదు, మిగిలిన ముక్కలు కూడా 200 బేస్ జతల (డీఎన్‌ఏ పొడవుకు కొలత) కంటే చిన్నగా ఉండాలి.

పశువు ముక్క పెడితే మన శరీరం ఒప్పుకుంటుందా?

కణాలతో పెడితే ఒప్పుకోదు. శరీరం ప్రధానంగా గొడవ పెట్టుకునేది కణాలతోనే. కొల్లాజెన్ మాత్రం గొర్రెలో, బర్రెలో, మనిషిలో చాలా దగ్గరి పోలికతో ఉంటుంది. అయినా ఒక చిక్కు ఉంది. ఆల్ఫా-గాల్ అనే చక్కెర అణువు మిగతా క్షీరదాల్లో చాలావాటిలో ఉంటుంది, మనుషుల్లో ఉండదు. మన రక్తంలో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టుకతో కాకపోయినా చిన్నప్పటి నుంచే తయారై ఉంటాయి. అందుకే శుద్ధి చేసేటప్పుడు దాన్ని కూడా తగ్గించేలా చూస్తారు. మాంసం తింటే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేవాళ్ళు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

1980లలో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాడిలాక్ ఒక కుక్క పెద్ద రక్తనాళం ముక్క స్థానంలో దాని పేగు ముక్కనే పెట్టి చూశారు. కొన్ని నెలల తర్వాత తీసి చూస్తే అది పేగులా లేదు, రక్తనాళంలా మారిపోయింది. ఈ రంగమంతా ఆ పరిశీలన నుంచి ఊపందుకుంది.

మన దేశంలో ఎవరైనా చేసి చూపించారా?

చేశారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ శాస్త్రవేత్తలు పంది పిత్తాశయం నుంచి కణాలు తీసేసి కోలిడెర్మ్ అనే గాయం పొరను తయారుచేశారు. 2023లో దానికి మన ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది, అదీ అన్నిటికంటే కఠినమైన డి తరగతి వైద్య పరికరంగా. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ బర్రె గుండె పొర వంటి వాటిని శుద్ధి చేసి పశువుల హెర్నియాలకు వాడి చూసింది. చెన్నై తోళ్ళ పరిశోధన సంస్థ కొల్లాజెన్ మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది.

మనకు ఇంకా దగ్గర్లో, హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ కలిసి 2022లో త్రీడీ ప్రింటింగ్‌తో కార్నియాను తయారుచేసి కుందేలు కంటికి అమర్చాయి. దానికి వాడింది పశువుల పదార్థం కాదు, మార్పిడికి పనికిరాని మనుషుల కార్నియాల నుంచి తీసిన జాలి. అయితే పద్ధతి ఇదే. మాంసం మీద జాతీయ పరిశోధన సంస్థ చెంగిచర్లలో ఉంది. అంటే నల్లగొండ నుంచి రెండు గంటల ప్రయాణంలో ఇటు మాంసం శాస్త్రం తెలిసినవాళ్ళూ ఉన్నారు, అటు కణజాలం తెలిసినవాళ్ళూ ఉన్నారు.

మరి మా టౌన్ మటన్ షాపుల నుంచి ఈ పొరలు సేకరించవచ్చు కదా?

ఇప్పుడున్న తీరులో కుదరదు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది.

మన దగ్గర ముడిసరుకుకు కొదవ లేదు. 2019 పశుగణనలో దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ గొర్రెలు తెలంగాణలోనే తేలాయి, సుమారు ఒక కోటీ 90 లక్షలు. అందులో పాలమూరు వాటా పెద్దది. పెబ్బేరు సంతకు ఒక్కసారి పోయి చూస్తే చాలు. లేనిది కోసిన తర్వాతి మొదటి గంటల క్రమశిక్షణ.

షాపు ముందు, నాలా పక్కన కోసినప్పుడు పేగు కొంచెం తెగినా అందులోని పేడ బ్యాక్టీరియా పక్కనున్న అవయవాలన్నిటికీ అంటుకుంటుంది. అనుకూలమైన వేడిలో కొన్ని రకాల బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. నల్లగొండలో ఎండాకాలం 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. "తర్వాత గామా కిరణాలతో చంపేస్తాం కదా" అని అడుగుతారు. బ్యాక్టీరియా చస్తుంది, నిజమే. కానీ దాని గోడలో ఉండే ఎండోటాక్సిన్ అనే విషం చావదు, ఎందుకంటే అది ప్రాణం ఉన్నది కాదు. పొరలోనే అంటుకొని ఉండి రోగికి జ్వరం, వాపు తెస్తుంది. శరీరంలో పెట్టే పరికరం ఒక్కోదానికి ఎండోటాక్సిన్ 20 యూనిట్లు మించకూడదన్నది అమెరికా పెట్టుకున్న సాధారణ హద్దు. మురికిగా మొదలైన పొరను ఎంత ఖరీదైన ల్యాబులో కడిగినా ఆ హద్దు లోపలికి తేవడం చాలా కష్టం. అవయవం మందు అవుతుందా చెత్త అవుతుందా అన్నది కత్తి ఆడిన చోటే తేలిపోతుంది.

దీనికి కావాల్సినవి బ్రహ్మ విద్యలేం కాదు. కోయకముందు పశువైద్యుడు చూడాలి. కబేళాలపై 2001లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఒక డాక్టరు గంటకు 12, రోజుకు 96 పశువులకు మించి చూడకూడదు. అంత తీరిగ్గా చూడాలని దాని అర్థం. నేల మీద కాకుండా వేలాడదీసి కోయాలి. పేగుల పని ఒక చోట, మిగతా అవయవాల పని మరో చోట జరగాలి. తీసిన పొర వెంటనే ఐసులోకి, అదే రోజు డీప్ ఫ్రీజర్‌లోకి పోవాలి. ఏ పశువు, ఏ రోజు, ఎవరు చూశారు అన్నది ప్రతి ముక్కకూ రాసి ఉండాలి. మున్సిపాలిటీ కట్టే కబేళాలో ఇవి ఉంటే, ఆ పట్టణానికి శుభ్రమైన మాంసం వస్తుంది. పొరల సంగతి ఆ తర్వాత. నిజానికి మన ప్లేట్‌లోకి వచ్చే మాంసానికి కావాల్సినవీ చాలావరకు ఇవే. అందుకే పరిశోధన కోసం కాకపోయినా, మనం తినే తిండి కోసమైనా వీటిని వార్డు సభల్లో అడగాలి.

జాతరల్లో వేల గొర్రెలు తెగుతాయి. పెద్దగట్టు లాంటి చోట సేకరిస్తే?

భక్తితో బలిచ్చిన జీవం వృథా కాకూడదన్న ఆలోచన గొప్పదే. వైద్యానికి మాత్రం పనికిరాదు. పశువును ముందు పరీక్షించడం, ఐసు, రికార్డు - మూడూ అక్కడ సాధ్యం కావు. పొట్టలోని పేడ ఎరువుకో బయోగ్యాస్‌కో పోయేలా చేస్తే చాలు, చెరువులో పడకుండా ఉంటుంది.

మావి ఫ్లోరైడ్ ఊళ్ళు. మా పశువుల ఎముకలు పనికొస్తాయా?

మర్రిగూడ వైపు ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది. ఇంత సూటి ప్రశ్న నన్ను ఏ సెమినార్‌లోనూ ఎవరూ అడగలేదు.

ఎముకలో మూడింట రెండు వంతుల దాకా ఖనిజమే, హైడ్రాక్సీఅపటైట్ అంటారు. పశువు ఎముకను ఎక్కువ వేడిలో కాల్చి ప్రొటీన్ అంతా పోగొడితే తెల్లటి గుల్లలాంటి ఈ ఖనిజం మిగులుతుంది. దంతాల డాక్టర్లు దవడ ఎముక అరిగినచోట నింపేది చాలాసార్లు పశువుల ఎముక నుంచి వచ్చిన ఇలాంటి పొడే. మన ఎముక దాని గుల్లల్లోకి పెరుగుతుంది.

ఒంట్లోకి పోయిన ఫ్లోరైడ్‌లో మిగిలిపోయేదంతా, నూటికి 99 పాళ్ళు, ఎముకల్లో, పళ్ళల్లో చేరుతుంది. అక్కడి ఖనిజంలో ఒక భాగాన్ని తోసేసి తాను కూర్చుంటుంది. ఖనిజం ఫ్లోరోఅపటైట్‌గా మారుతుంది. అది అంత తేలిగ్గా కరగదు, కాల్చినంత మాత్రాన ఫ్లోరైడ్ పూర్తిగా పోదు. మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు మనుషుల నడుములు వంచిన నీళ్ళే పశువులూ ఏళ్ళ తరబడి తాగాయి. కాబట్టి ఆ ప్రాంతపు ముసలి పశువుల ఎముకలను ప్రతి బ్యాచ్ పరీక్షించకుండా వైద్యానికి వాడకూడదు. ఒక్కో బ్యాచ్‌లో ఒక్కో మోతాదు ఉంటే తయారీదారుడు ముందే వద్దంటాడు.

మెత్తటి భాగాల సంగతి వేరు. గుండె పొరలో, పిత్తాశయంలో, మూత్రాశయంలో ఫ్లోరైడ్ అలా పేరుకోదు. ఫ్లోరైడ్ ఊరి గొర్రె అన్న ఒక్క కారణంతో దాన్ని పక్కన పెట్టాల్సిన పని లేదు. ఇంకో విషయం కూడా చెప్పాలి. ఎముకను గాలి ఎక్కువ తగలకుండా కాల్చి చేసిన బొగ్గు, నీళ్ళల్లోని ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. ఆఫ్రికాలో కెన్యా, టాంజానియాల్లో ఇలా నీళ్ళు వడకట్టారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అంటోంది.

దొమ్మ రోగం (ఆంత్రాక్స్), బ్రూసెల్లా లాంటివి మనకు అంటుకోవా?

అంటుకునే రోగాలే అవి. అందుకే రోగంతో చచ్చిన పశువును ఏ పరిస్థితిలోనూ వాడరు. దొమ్మ అనుమానం ఉంటే కోయనే కూడదు, పశువుల డాక్టరుకు చెప్పాలి. పిచ్చి ఆవు రోగం విషయంలో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2010 నుంచి భారత్‌ను అతి తక్కువ ప్రమాదం ఉన్న దేశాల్లో ఉంచింది. మన ముడిసరుకుకు ఇది పెద్ద బలం.

ఆవుల సంగతి?

మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం గోవధ నిషేధం. ఈ పనికి బర్రె, గొర్రె, మేక, కోడి, చేప చాలు.

పంది నుంచి వచ్చినది మాకు కుదరదు. అసలు మాంసమే ముట్టని వాళ్ళం. మాకు చెప్పకుండా పెడతారా?

చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి: "ఇది దేని నుంచి తయారైంది, వేరేది ఉందా?" ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందే అడగాలి, తర్వాత కాదు. గొర్రెది, బర్రెది, చేపది, పూర్తిగా కృత్రిమమైనది - చాలా సందర్భాల్లో మార్గాంతరం ఉంటుంది. ఐస్‌లాండ్‌లో కాడ్ చేప చర్మంతో గాయం పట్టీలు చేస్తున్నారు. సాగర్ చేపల పొలుసులోనూ కొల్లాజెన్ ఉంది. కాకపోతే చేప కొల్లాజెన్ తక్కువ వేడికే విచ్చుకుపోతుంది, దాన్ని అదనంగా గట్టిపరచాల్సి ఉంటుంది.

మా నాన్నకు కాలికి షుగర్ పుండు ఉంది. ఈ పొర పెడితే మానుతుందా?

పొర ఒక్కటే మాన్పదు. కాలికి రక్తం సరిగ్గా అందాలి, చీము పోవాలి, షుగర్ అదుపులోకి రావాలి, పుండు మీద బరువు పడకుండా చూడాలి. ఈ నాలుగూ అయ్యాక కూడా మానకుండా మొండికేసిన పుండుకు ఇలాంటి పొర సాయం చేస్తుంది. ముందు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ దవాఖానల్లోనో బీబీనగర్ ఎయిమ్స్‌లోనో సర్జన్‌కు చూపించండి. వేలు నల్లబడినా, వాసన వచ్చినా ఆ రోజే పోవాలి.

దయచేసి ఒకటి చేయకండి: పచ్చి పొరలు, పిత్తం, పసర్లు ఇంట్లో పుండు మీద పెట్టొద్దు. వేలితో పోయేది కాలిదాకా వస్తుంది.

మోకాళ్ళ అరుగుదలకు స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామని లక్షలు అడుగుతున్నారు. ఇదీ అదేనా?

కాదు. 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూల కణాల మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా అనుమతితో జరగాల్సిన పరిశోధన మాత్రమే. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బులు తీసుకోకూడదు.

దీనితో కబేళా చెత్త సమస్య తీరిపోతుందా?

తీరదు. వైద్యానికి పోయేది కిలోల్లో, చెత్త టన్నుల్లో. పేడ బయోగ్యాస్‌కి, కొవ్వు, మిగిలిన ఎముకలు వాటిని ఉడికించి కొవ్వు, పొడి వేరుచేసే రెండరింగ్ ప్లాంటుకి పోవాల్సిందే. కోడి ఈకల్లో దాదాపు 90 శాతం కెరాటిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, దానితో గాయం జెల్‌లు చేసే పరిశోధనలు సాగుతున్నాయి. అయినా ఇవాళ చికెన్ షాపుల వ్యర్థాలు రాత్రిపూట డ్రమ్ముల్లో చేపల చెరువులకు, నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మేతకు పోతుండటం మన జిల్లాల్లో దాచినా దాగని విషయం. ముందు అది ఆగాలి.

పర్యావరణానికి మంచిదంటూ ఈ పరిశ్రమకు గుడ్డిగా సర్టిఫికెట్ ఇవ్వను. కణాలు కడిగిన డిటర్జెంటు నీళ్ళను శుద్ధి చేయకుండా మూసీలోకో వాగులోకో వదిలితే ఒక చెత్త తగ్గించి ఇంకో విషం పెంచినట్టే. అందుకే డిటర్జెంటు తగ్గించే పద్ధతుల మీద ఇప్పుడు బాగా పని జరుగుతోంది. ఎక్కడైనా యూనిట్ పెడతామంటే ప్రజాభిప్రాయ సేకరణలో మొదట ఆ నీళ్ళ సంగతే అడగండి.

గొల్ల, కురుమలకు దీని మీద డబ్బులొస్తాయా?

ఒక గొర్రె గుండె పొర కొన్ని గ్రాములే. దానికి పెద్ద రేటు వస్తుందని ఆశ పెట్టను. విలువ వచ్చేది రికార్డుకు: చెవికి 12 అంకెల ట్యాగు, టీకాల వివరాలు, ఏ ఊళ్ళో పెరిగిందన్న సమాచారం. రికార్డు ఉన్న మందకూ లేని మందకూ మాంసం ధరలోనే తేడా ఉండాలి. సొసైటీలు బేరం ఆడాల్సింది దాని మీద.

మా పిల్లలు ఈ రంగంలోకి పోవాలంటే?

వెటర్నరీ, బయోటెక్నాలజీ, బయోమెడికల్ ఇంజనీరింగ్, ఫార్మసీ - ఏ దారిలోనైనా రావచ్చు. మంచి ఆలోచన ఉంటే కేంద్రం బైరాక్ అనే తన బయోటెక్ సంస్థ ద్వారా ఇచ్చే బిగ్ గ్రాంట్ 50 లక్షల దాకా ఉంటుంది. వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ల్యాబులో చేరేముందు తెల్లవారుజామున నాలుగింటికి ఒక కబేళాకు పోయి, పని పూర్తయ్యేదాకా నిలబడి చూడండి. ఏ ముక్క ఎంతసేపు ఎండలో ఉందో రాసుకోండి. మటన్ కొట్టే పెద్దమనుషులను అడగండి. ఏ పొర ఎక్కడ అంటుకొని ఉంటుందో, ఏ కోతకు చిరగకుండా వస్తుందో వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.